మన పితరుల పేర్లు ఎక్కడ వ్రాయబడియున్నవి?

శతవార్షిక సంచికలలో బిషప్పుల చరిత్ర, మిషనెరీల చరిత్ర, ఆలయ నిర్మాణ చరిత్ర తప్పక ఉండును. అవి ఉండవలసినవే. అయితే ఆ ఆలయములలో చాపల మీద కూర్చుండి వాక్యము విన్నవారెవరు? తమ కూలిగింజలలో నుండి పిడికెడు బియ్యము తీసి ఉపదేశిగారి పోషణకు ఇచ్చినవారెవరు? వారి పేర్లేమి? వారే మన తాతలు, ముత్తాతలు, అవ్వలు. ఈ మాట సంఘములో ఎత్తినప్పుడెల్ల, “మాకు చరిత్ర ఏమున్నదండీ అయ్యగారూ! జమీందార్లమా, కరణాలమా?” అని అడుగువారు ఉందురు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. మనకు చరిత్ర లేకపోలేదు. అది చెదరిపోయి, ఇతరుల కాగితములలో, ఇతరుల అవసరముల కొరకు వ్రాయబడియున్నది. దానిని వెదకి ఒకచోట చేర్చుకొనుట మన పని.

వ్రాతలో పేరుండుట చిన్న సంగతి కాదు. చెరనుండి తిరిగి వచ్చిన వారి జాబితా ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో కలదు. అందు కొన్ని యాజక కుటుంబములవారు వంశావళి పట్టీలలో తమ పేర్లు వెదకి, కనబడనందున యాజకత్వమునుండి తొలగింపబడిరి. మత్తయి సువార్త మొదటి అధ్యాయములోనైతే, ఎవరును తలంపని తామారు, రాహాబు, రూతు వంటి స్త్రీల పేర్లు వంశావళిలో చేరినవి. పేరు వ్రాయకపోవుట ఎంత నష్టమో, వ్రాయుట ఎంత గౌరవమో ఈ రెండు అధ్యాయములు చాలును తెలిసికొనుటకు.

ఇతరుల చేతివ్రాతలో మనవారు

మన గ్రామముల పాత చరిత్రకు గొప్ప ఆధారములుగా చెప్పబడునవి కైఫీయతులు. 1821లో మరణించిన కర్నల్ కాలిన్ మెకంజీ, కావలి సోదరుల వంటి తెలుగు పండితుల సహాయముతో ఊరూర కరణముల వద్దనుండి వీటిని సేకరించెను. ఊరు ఎవరు కట్టించిరి, ఏ దేవాలయమునకు ఎంత మాన్యము, ఏ దేశముఖి ఎన్నాళ్లు ఏలెను అను సంగతులు వాటిలో కలవు. పొలము దున్నినవాని పేరు, చెప్పు కుట్టినవాని పేరు, ఊరికి వెట్టి చేసినవాని పేరు వాటిలో అరుదు. గ్రామ లెక్కలలో అట్టివారి పేరు వచ్చినను పుల్లిగాడు, చిన్నిగాడు అనియే వచ్చును. ఇంటి ఆడవారి పేరు అసలే రాదు.

అట్లని మనవారికి వంశ స్మృతి లేదనుకొనరాదు. మాదిగలకు డక్కలివారు పటము విప్పి జాంబపురాణము చెప్పుచు వచ్చిరి. ఆ కథలు నోటివి. చెప్పువాడు పోయిన, వినువాడు మానిన, అవి ఆగిపోవును. క్రైస్తవులమైన తరువాత మనము వారిని పిలుచుట మానితిమి. అందుచేత మన కుటుంబములలో నోటి చరిత్ర త్వరగా తెగిపోయినది.

ఆ స్థానములోనికి వచ్చినది బాప్తిస్మపు రిజిస్టరు. పుల్లిగాడు అని ఊరివారు పిలిచినవాడు అందులో పౌలు అయ్యెను. అతని భార్య పేరు, తల్లి పేరు కూడ వ్రాయబడెను. భూమి లేని అనేక కుటుంబములకు తాత పేరును అవ్వ పేరును గౌరవముగా వ్రాసిన మొట్టమొదటి కాగితము ఇదియే. మన సంఘపు బీరువాలో చెదలు తినుచున్న ఆ పొడవైన పుస్తకము విలువ ఇంతటిది.

ముందు ఇంటినుండి

వంశ చరిత్ర వెదకువారు తిన్నగా కచేరీకి పోరాదు. తెలిసినదానినుండి తెలియనిదానికి, అనగా మననుండి మన తలిదండ్రులకు, వారినుండి వారి తలిదండ్రులకు, మెట్టుమెట్టుగా వెనుకకు నడువవలెను. ఇంటిలోని కుటుంబ బైబిలు మొదటి పుటలు, పాత పెండ్లి శుభలేఖలు, బడి సర్టిఫికెట్లు, పొలము దస్తావేజులు, సమాధి రాళ్లు ముందుగా చూడవలెను. తరువాత పెద్దవారి దగ్గర కూర్చుండవలెను. మేనత్తలకును అమ్మమ్మలకును తెలిసినంతగా మగవారికి చుట్టరికములు తెలియవు. తాత పేరు మనుమనికి పెట్టుట, మేనరికములు చేసికొనుట మన ఆచారము గనుక ఒకే పేరు తరము విడిచి తరము వచ్చును. ఇద్దరిని ఒక్కరిగా కలిపివేయకుండ జాగ్రత్తపడవలెను. ఇంటిపేరు మనకు గొప్ప సహాయము. అది తరచుగా పూర్వపు గ్రామము పేరై, ఎక్కడనుండి వచ్చితిమో చెప్పును.

పెద్దవారికి తేదీలు తెలియవు గాని సంవత్సరముల పేర్లు, కరువులు, ఉప్పెనలు తెలియును. వాటిని తేదీలుగా మార్చుకొనవచ్చును. డొక్కల కరువు లేక నందన కరువు అనిన 1832-33. బందరు ఉప్పెన అనిన 1864 నవంబరు 1. ధాత కరువు అనిన 1876-77. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. “మా అవ్వ ధాత కరువునాటికి చంటిబిడ్డ” అని ఒకరు చెప్పిరనిన అది జన్మ సర్టిఫికెట్టుకు తక్కువ కాదు. అట్లే రెవెన్యూ కాగితములలో ఫసలీ సంవత్సరములు ఉండును. ఫసలీకి 590 కలిపిన సుమారుగా క్రీస్తు శకము వచ్చును. 1300 ఫసలీ అనిన 1890-91.

సంఘ రిజిస్టర్లు చదువు విధము

మన పాస్టరేట్లలో బాప్తిస్మము, వివాహము, సమాధి అను మూడు రిజిస్టర్లు ఉండవలెను. ఈ మూటిని కలిపి చదివిననే నిజము తేలును. నేను పని చేసిన డెల్టా సంఘములలో ఒక కుటుంబమువారి సంగతి ఉదాహరణగా చెప్పెదను. పేర్లు చెప్పను. వారి ముత్తవ్వ నూరేండ్లకు దగ్గరగా బ్రదికినదని ఇంటిలో చెప్పుకొనుచుండిరి. 1958 నాటి సమాధి రిజిస్టరులో ఆమె వయస్సు 95 అని ఉండెను. ఆ లెక్కను ఆమె 1863లో పుట్టియుండవలెను. బాప్తిస్మపు రిజిస్టరు చూడగా 1896లో 18 ఏండ్లు. వివాహపు రిజిస్టరులో 1897లో 20 ఏండ్లు. మూడు కాగితములు మూడు మాటలు చెప్పుచున్నవి. అప్పుడు ఆ ఇంటి పెద్దమ్మగారు, “కరువులో వాళ్లమ్మ సంకన వేసుకొని మెట్ట నుండి దిగివచ్చిందట” అనిరి. ధాత కరువు 1876-77. బాప్తిస్మము, వివాహము, ఇంటివారి మాట ఒకచోటికి వచ్చినవి. మరణించునప్పటి వయస్సు ముసలితనమును చూచి ఎవరో వేసిన అంచనా. ఆమె బ్రదికినది ఇంచుమించు 81 ఏండ్లు.

అంతకన్న పెద్ద లాభము ఇంకొకటి కలిగెను. వివాహపు రిజిస్టరులో ఆమె తండ్రి పేరు, ఇంటిపేరు కలవు. ఇంటిలో ఎవరికిని ఆ పేరు జ్ఞాపకము లేదు. బాప్తిస్మపు రిజిస్టరులో స్వగ్రామము కూడ కలదు. ఆ మెట్ట గ్రామపు పాత ఇనాము రిజిస్టరు నకలు తెప్పించి చూడగా, అదే ఇంటిపేరు, అదే పేరు గల ఒకనికి వెట్టి మాన్యముగా కొద్దిపాటి భూమి కనబడెను. అతడే ఈమె తండ్రియని గట్టిగా రుజువు లేదు. పేరు, ఇంటిపేరు, గ్రామము కలిసినవి గనుక “కావచ్చును” అని వ్రాసి ఉంచితిమి. ఈ “కావచ్చును” అను మాట మరువరాదు. రుజువైనదానిని రుజువైనదిగాను, ఊహను ఊహగాను వ్రాయుటయే సత్యమైన చరిత్ర. ఏ సంగతి ఏ పుస్తకములో, ఏ పుటలో చూచితిమో ప్రక్కనే వ్రాసికొనవలెను. లేనియెడల మన పిల్లలు మరల మొదటినుండి వెదకవలసి వచ్చును.

మీ సంఘములో పాత వివాహపు రిజిస్టరు పోయినదని నిరాశపడకుడి. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము గురువులు వివాహమును రిజిస్టరులో వ్రాయుటయే గాక దాని నకళ్లు పైకి పంపవలసియున్నది. అందుచేత ఒకచోట పోయినది వేరొకచోట దొరకవచ్చును. మదరాసు ప్రాంతపు పాత నకళ్లు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులలో కలవు. అయితే వాటిలో అధిక భాగము యూరోపియనులవి, ఆంగ్లో ఇండియనులవి.

కచేరీలలో దొరకునవి

జనన మరణములు గ్రామములలో పూర్వము గ్రామాధికారులు వ్రాయుచుండిరి. ఆంధ్ర ప్రదేశ్‌లో కరణము, మునసబు పదవులు 1984లో రద్దయినవి. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము 1970 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. ఆ చట్టము ప్రకారము ఎవరైనను రుసుము చెల్లించి రిజిస్టరులో వెదకించి నకలు పొందవచ్చును. మరణ కారణము మాత్రము ఇయ్యరు.

భూమి కాగితములు పెద్ద గని వంటివి. కోస్తా, రాయలసీమలలో 1858 తరువాత ఇనాం కమిషనువారు తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు, సెటిల్మెంటు రిజిస్టర్లు, అడంగళ్లు కలవు. ఇనాం రిజిస్టరులో మాన్యము అనుభవించువాని పేరు, వయస్సు, మొదట పొందినవానితో అతని చుట్టరికము ఉండును. తెలంగాణలో సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ ముఖ్యమైనవి. అచ్చట పాత కాగితములు ఉర్దూలోను, మరి పాతవి పారసీలోను ఉండును గనుక చదువగలవారి సహాయము కావలెను. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో 1908 నాటి చట్టము ప్రకారము నాలుగు సూచికలు కలవు. ఒకటవ సూచిక మనుష్యుల పేర్లను బట్టి, రెండవది ఆస్తిని బట్టి వ్రాయబడినవి. పది సెంట్లు కొనిన దస్తావేజులో కూడ తండ్రి పేరు, గ్రామము, వృత్తి దొరకును.

జనాభా లెక్కలలో పేర్లు దొరకునని చాలమంది అనుకొందురు. దేశమంతట ఒకేసారి లెక్కలు 1881 నుండి జరుగుచున్నను, మన దేశములో ఇంటింటి పేర్ల పట్టీలు ప్రజలకు చూపరు. 1948 నాటి సెన్సస్ చట్టము దానిని నిషేధించుచున్నది. అచ్చయిన నివేదికలలో ఊరి జనసంఖ్య, మతముల లెక్క మాత్రమే దొరకును. పేరు కొరకు అక్కడ కాలము వ్యర్థపరచుకొనవద్దు.

మరియొక చిక్కు జిల్లాల మార్పు. చీరాల ఊరినే చూడుడి. అది 1859 వరకు పాత గుంటూరు జిల్లాలోను, 1904 వరకు కృష్ణా జిల్లాలోను, 1970 వరకు కొత్త గుంటూరు జిల్లాలోను, తరువాత ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022 నుండి బాపట్ల జిల్లాలో ఉన్నది. ఊరు కదలలేదు; కాగితములు కదలినవి. కాబట్టి ఏ కాలపు కాగితము కావలెనో ఆ కాలపు జిల్లా ఏదో మొదట తెలిసికొనవలెను. ఇంగ్లీషు రిజిస్టర్లలో ఊరి పేర్లు కూడ మారిపోవును. మసులీపటాము అనిన బందరు, ఎల్లోరు అనిన ఏలూరు, కొకనాడ అనిన కాకినాడ.

గ్రంథాలయములు

గ్రంథాలయములో మన తాత పేరు దొరకకపోవచ్చును. తాత బ్రదికిన లోకము దొరకును. 1873 నాటి బాస్వెల్ నెల్లూరు మాన్యుయలు, 1883 నాటి గోర్డన్ మెకంజీ కృష్ణా జిల్లా మాన్యుయలు, 1907 నాటి హెమింగ్వే గోదావరి గెజిటీరు చదివిన కూలి ఎంత, ధాన్యము ధర ఎంత, ఏ మిషను ఎప్పుడు వచ్చెను అను సంగతులు తెలియును. 1918లో స్థాపింపబడిన వేటపాలెము సారస్వత నికేతనము పాత పత్రికలకు ప్రసిద్ధి. మదరాసు ప్రభుత్వపు పాత పత్రములు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోను, నిజాము ప్రభుత్వపు పత్రములు హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌లోను కలవు.

మిషను పత్రములు ఆయా మిషనుల స్వదేశములకు పోయినవి. 1841లో బందరుకు రాబర్ట్ నోబులు, హెన్రీ ఫాక్సు దొరగార్లను పంపిన సి.యం.యస్. వారి పత్రములు బర్మింగ్‌హాము విశ్వవిద్యాలయములో కలవు. యస్.పి.జి. వారివి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయములో, లండన్ మిషనువారివి, మెదకు వెస్లియన్ మిషనువారివి లండనులోని సోయాస్‌లో భద్రపరచిరి. మిషనెరీలు తమ సొసైటీకి వ్రాసిన ఉత్తరములలో ఉపదేశుల పేర్లు, బైబిలు స్త్రీల పేర్లు, కొత్తగా చేరిన పల్లెల పేర్లు కానవచ్చును. పల్లె పేరు, సంవత్సరము తెలిపి ఉత్తరము వ్రాసిన అక్కడివారు జవాబిత్తురు. అయితే ఇవి దొరల దృష్టితో, చందాలిచ్చువారు చదువుటకు వ్రాసినవి అని గుర్తుంచుకొనవలెను. మనవారిని దీనులుగా చూపుట వారికి అలవాటు. తమ మలుపును తాము తిప్పుకొనిన మన పితరుల ధైర్యము ఆ వాక్యముల వెనుక వెదకి చూడవలెను.

ఇతర సంఘములలో చుట్టములున్నవారు ఆ సంఘముల చరిత్ర కూడ చూడవలెను. ధాత కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనెరీ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టు తీసికొని కరువువారికి కూలి పెట్టెను. కరువు తీరిన పిమ్మట, 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మన ఇండ్లలో చెప్పుకొను “కాలువ పని” కథలు కొన్ని ఆ కాలువవే కావచ్చును.

సముద్రము దాటినవారు

“మా తాతగారి అన్న ఓడ ఎక్కి పోయినాడు, మరల రాలేదు” అనుమాట అనేక ఇండ్లలో వినుచున్నాము. మదరాసునుండి కూలీలతో బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని దర్బను చేరెను. 1911 వరకు 1,52,184 మంది అట్లు నటాలు పోయిరి. వారిలో తెలుగువారు అనేకులు. వారి ఓడ పట్టీలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, గ్రామము, తాలూకా, జిల్లా, ఒంటిమీది మచ్చలు కూడ వ్రాసిరి. కులము గడిలో కొందరికి క్రిస్టియన్ అని ఉన్నది. ఆ పట్టీలు దర్బనులోని గాంధీ-లుతూలి డాక్యుమెంటేషన్ కేంద్రములో చూడవచ్చును. అచ్చటి తెలుగువారి కొరకు మన దేశపు తెలుగు బాప్తిస్టులు 1903లో జాన్ రంగయ్యగారిని మిషనెరీగా పంపిరి. మారిషస్‌కు పోయినవారి పత్రములు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లోను, ఫిజీకి పోయినవారివి సువాలోని నేషనల్ ఆర్కైవ్స్‌లోను కలవు. ఊరిలో పుట్టుక నమోదు కాని మనుష్యుని మోకాలిమీది మచ్చ సముద్రమవతల నమోదై యుండుట ఎంత వింత! అతనిని మనిషిగా కాక కూలిగా లెక్కించిన కాగితమే ఈనాడు అతనిని తిరిగి మనకు అప్పగించుచున్నది.

రెండు పేర్ల సంగతి

వెదకుచుండగా ఒకే మనుష్యునికి సంఘములో ఒక పేరు, బడిలో ఒక పేరు కనబడును. దీనిని చూచి ఎవరును సిగ్గుపడనక్కరలేదు, ఎవరినీ నిందింపనక్కరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను క్రైస్తవులకు లేకుండ చేసెను. ఆ హోదా 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించెను గాని మనకు రాలేదు. మన రాష్ట్రములలో అట్టి క్రైస్తవులను వెనుకబడిన తరగతులలో సి గుంపుగా చేర్చిరి. పిల్లల చదువు కొరకు, ఉద్యోగము కొరకు తలిదండ్రులు పడిన బాధ ఆ రెండు పేర్లలో ఇమిడియున్నది. చరిత్ర వెదకువారు రెండు పేర్లతోను వెదకవలెను. అయితే బ్రదికియున్నవారి సంగతులు అచ్చు వేయరాదు, నలుగురిలో చదువరాదు. చనిపోయినవారి చరిత్ర వ్రాయుటకు పూనుకొని బ్రదికియున్నవారికి హాని చేయుట ధర్మము కాదు. అట్టి సంగతులు ఇంటి పుస్తకములోనే ఉండనిండు.

ఇప్పుడు చేయవలసినది

పెద్దవారు ఒక్కొక్కరుగా వెళ్లిపోవుచున్నారు. రిజిస్టర్లు వానకు తడిసి, చెదలకు ఆహారమగుచున్నవి. అందుచేత ప్రతి పాస్టరేటు కమిటీవారు ఈ కొద్దిపాటి పనులు చేయవలెనని మనవి చేయుచున్నాను. పాత రిజిస్టర్లను గోడకు ఆనించక, నేలమీద పెట్టక, గాలి తగులు ఇనుప బీరువాలో ఉంచుడి. చినిగిన పుటలకు అంటించు టేపు వేయకుడి, లామినేషను చేయింపకుడి. కొన్ని ఏండ్లలో అవి కాగితమును పాడుచేయును. సిరాతో దిద్దకుడి, గుర్తు పెట్టవలసిన మెత్తని పెన్సిలు చాలును. పగటి వెలుతురులో ప్రతి పుటను ఫోను కెమెరాతో ఫోటో తీసి, ఒక ప్రతి పాస్టరేటులోను, ఒక ప్రతి అధ్యక్ష ఖండపు ఆఫీసులోను ఉంచుడి. సంఘములోని చదువుకొను యౌవనస్థులు ఆదివారము సాయంత్రములలో కూర్చుండి పేర్ల సూచిక వ్రాయగలరు.

ప్రతి కుటుంబమువారు ఒక కాగితముమీద నాలుగు తరముల పేర్లు వ్రాయుడి. అమ్మగారి పుట్టింటి పేరు, అవ్వగారి పుట్టింటి పేరు విడిచిపెట్టకుడి. తెలియనిచోట ఖాళీ ఉంచుడి. ఆ ఖాళీయే రేపు వెదకవలసిన చోటు. ఈ శతవార్షిక సంవత్సరము ముగియకముందు ఆ కాగితమును మీ గురువుగారికి అప్పగించిన, ఆయన రిజిస్టరుతో సరిచూచి భద్రపరచును. రెండవ శతవార్షికోత్సవము జరుపుకొనువారు మన పేర్ల కొరకు వెదకుదురు. వారికి మన చేతివ్రాతలోనే మన పేర్లు దొరకవలెను.